గడియ

మంచి వడ్రంగి ఎవరని అడిగినట్టు అడగలేం,
మంచి పళ్ళ డాక్టరు ఎవరని అడిగినట్టూ కాదు.
ట్రియెస్తెలో మెట్లెక్కే ప్రతి వీధిలోనూ
ఒక ఇత్తడి పలక, దాని మీద ఒక పేరు,
కింద సన్నటి అక్షరాల్లో: కుటుంబాలకు.
ఆ పలకల ముందు నడక నెమ్మదించి
పక్క దుకాణంలో చెప్పులు చూస్తున్నట్టు నటించాను
ఒక చలికాలమంతా.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని
కోటు గుండీలు మెడదాకా పెట్టుకు తిరిగే ఇల్లు మాది.
ఏడు నెలలుగా నీవెస్ వాళ్ళ నాన్నతో మాట్లాడదు.
ఉప్పు కావాలంటే నన్ను అడుగుతుంది,
ఉప్పేమో ఆయన చేతిలోనే ఉంటుంది.
"మీ ఆయనతో చెప్పు" అంటుంది పదిహేనేళ్ళ పిల్ల,
"నీ కూతురితో చెప్పు" అంటాడు లివియో,
మధ్యలో నేను,
బిళ్ళ అంటించని ఉత్తరాలు మోస్తూ.

గొడవ ఎప్పుడు మొదలైందంటే
ముగ్గురం మూడు తారీకులు చెబుతాం.

మొదటి డాక్టరు గడ్డం చక్కగా దువ్వుకున్నాడు.
తలా ఒక కాగితం ఇచ్చి
ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేసుకోమన్నాడు.
లివియో పరీక్ష తప్పిన కుర్రాడిలా
అన్నిటికీ మూడే వేశాడు.

రెండో ఆమె నా పక్షం.
నేనొక మాటంటే ఆమె రెండు అందించింది.
ఎంత హాయిగా ఉందో!
కిందికి దిగాక చూశాను,
ఆఖరి మెట్టు మీద కూర్చుని లివియో
బూటు తాడు కడుతున్నాడు, కట్టిందే కడుతున్నాడు.
గెలిచిన కేసు నా సంచిలో బరువుగా వేలాడింది.
మళ్ళీ వెళ్ళలేదు.

మూడో ఆయన నిజాయితీపరుడు. అరగంట విని
"మీకు నేను సరిపోను" అన్నాడు.
ఫీజు తీసుకోలేదు.
బిల్లు పుస్తకంలో కాగితం చింపి వెనక ఒక పేరు రాసిచ్చాడు:
జోర్కా కోషుతా.
ఆ పేరు నా పర్సులో బస్సు టిక్కెట్ల మధ్య
పది వారాలు నలిగింది.

ఆమె ఇంట్లోనే చూస్తుంది. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
ఆ రోజు బోరా గాలి,
ఈ ఊళ్ళో చుట్టాన్ని తిట్టినట్టు పేరు పెట్టి తిట్టే గాలి,
టోపీలన్నీ సముద్రం దారి పట్టాయి.
మేం కూర్చున్నామో లేదో కిటికీ ధడేల్మంది.
ఆమె మడిచిన కాగితం దూర్చింది. మళ్ళీ ధడేల్.
నేను నా గోడు మొదలుపెట్టాను. ధడేల్.
"దీని గడియ వదులైంది," అంది విసుగ్గా,
"మీలో ఎవరికైనా చేతనవునా?"

లివియో పాతికేళ్ళుగా బస్సుల బ్రేకులు బిగిస్తున్నవాడు.
లేచాడు. స్క్రూడ్రైవర్ లేదు.
నాణెంతో తిప్పుతుంటే
రెక్క ఆపి పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి.
నేను లేవబోయాను.
డాక్టరమ్మ నా మోచేతి మీద వేలు పెట్టింది, అంతే.
నీవెస్ వెళ్ళి అద్దానికి భుజం ఆనించింది.
గాలి ఇద్దరినీ కలిపి తోస్తోంది.
"ఎడమకి," అంది.
ఆయన ఆగిపోయాడు.
"అటు కాదు నాన్నా, ఎడమకి."

గడియ పడింది. గదిలో గోడ గడియారం వినిపించింది.
ఇప్పుడేదైనా అంటుందేమోనని
డాక్టరమ్మ మొహంలోకి చూశాను.
కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఫీజు ఎంతో చెప్పింది.
గంటకని కట్టాను,
అక్కరకొచ్చింది ఒక్క గడియ.

దిగేటప్పుడు ఒకరి వెనక ఒకరం, మాటల్లేవు.
రాత్రి ఉప్పు మళ్ళీ నన్నే అడిగింది.
అద్భుతం జరిగిందని నేను చెప్పడం లేదు.

మళ్ళీ మంగళవారం వెళ్ళేసరికి
గాలి లేదు, సముద్రం పళ్ళెంలో పోసినట్టుంది,
కిటికీ గడియ మాత్రం
మళ్ళీ వదులై వేలాడుతోంది.
నేను నవ్వాపుకున్నాను. నీవెస్ ఆపుకోలేదు.
లివియో ఏమీ ఎరగనట్టు
కోటు లోపలి జేబులోంచి
ఇంటి నుంచి తెచ్చుకున్న స్క్రూడ్రైవర్ తీశాడు.