సూది మోపకుండా

ఆకుపచ్చ గౌను ఒస్వాల్దో చేతికిచ్చి పంపింది ఒర్తెన్సియా,
పాత పేపర్లో చుట్టి.
పేపరు మీద వంకర అక్షరాలతో ఒకటే మాట:
సూది తగలకూడదు.

తగలనివ్వను.
ముప్పై ఏళ్ళు పీతల ఫ్యాక్టరీ చన్నీళ్ళలో నానిన వేళ్ళు ఇవి,
సూదిలో దారం ఎక్కించడం
ఎప్పుడో మానేశాయి.

డనిట్సా తొడుక్కుని అద్దం ముందు నిలబడింది.
భుజాలు కుదిరాయి.
అంచు మోకాలి కింద ఎక్కడుండాలో అక్కడే ఉంది.
నడుం దగ్గర మాత్రం
ఇంకో మనిషికి చోటుంది.

"గాలొస్తే ఎగిరిపోతాను పిన్నీ."
పుంతా అరేనాస్‌లో ఇది వేళాకోళం కాదు.
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు మాకు,
పట్టుకుని నడవడానికి.
జలసంధి మీంచి వచ్చే గాలి
ముందు వదులెక్కడుందో వెతుక్కుంటుంది,
పలకరింపు ఆ తర్వాత.

పడవల యార్డులో వెల్డింగు నేర్చుకుంది మా పిల్ల.
ఇవాళ ఏడింటికి యూనియన్ హాల్లో సర్టిఫికెట్.
పద్దెనిమిది కోట్ల మధ్య ఒక్క గౌను.
"అదే ఇనుమైతేనా!
ఒక్క నిప్పురవ్వ. అతికిందంటే మళ్ళీ ఊడదు."
ఇనుముతో చెప్పి చేయించుకోవచ్చు,
గుడ్డని బతిమాలుకోవాలి అన్నాను.

బెల్టు పెట్టి చూశాం.
బంగాళాదుంపల బస్తాకి మూతి కట్టినట్టుంది.
రిబ్బను కట్టాం.
రెండడుగులు వేసేసరికి చంకల్లోకి పాకింది.
ఇస్త్రీపెట్టెతో అంటించే టేపు ఉందట, దుకాణంలో.
జిగురు మరక పడితే
ఒస్వాల్దో మొహం ఎట్లా చూడను?

గౌను తిరగేసి కిటికీ వెలుగులో పరిచాను.

రెండు పక్కలా, కుట్టుకి లోపలగా
విప్పేసిన పాత కుట్ల కన్నాలు,
చీమల బారులా.
ఒక వరస. దానికి లోపల ఇంకో వరస.
పెద్దాడు పుట్టాక ఒకసారి వదులు చేసుకుంది,
చిన్నది పుట్టాక ఇంకోసారి.
నాకు తెలుసు, రెండుసార్లూ
ఆ కుట్లు విప్పిన బ్లేడు నాదే.

కొత్త కన్నం ఎందుకిక?
ఉన్న కన్నాల్లోంచే పిన్నీసులు దూర్చాను,
ఒకటి, రెండు, అయిదు,
మడత లోపలికి, మొన నా వైపుకి.
"ఊపిరి బిగపట్టకే, మామూలుగా పీల్చు."
మొదటి వరస దాకా వెళ్ళి ఆగాను.
సరిపోయింది.
ఇరవై రెండేళ్ళ ఒర్తెన్సియా నడుం
డనిట్సాకి గీత గీసినట్టు సరిపోయింది.

వీపు దగ్గర కాస్త ఉబ్బు మిగిలింది.
లోపలి నుంచి చిటికెడు గుడ్డ పట్టి
పీత డెక్కలకి వేసే నీలం రబ్బరు బ్యాండు చుట్టాను.
పైన నా ఉన్ని కోటు. ఎవరికి తెలుస్తుంది?

ఆసుపత్రి మంచం మీద ఇప్పుడు
ఒర్తెన్సియా నడుం ఆ మొదటి వరసకి కూడా అందదు.
పోయిన ఆదివారం లేపి కూర్చోబెడుతుంటే
నా ఒక్క చెయ్యి చుట్టూ తిరిగొచ్చింది.
అయినా సూది తగలకూడదంది.
కుట్టు వేస్తే తీర్పు.
పిన్నీసంటే వాయిదా.
వాయిదా అడిగే హక్కు ఆమెకుంది.

డనిట్సా ఒక చేత్తో తాడు పట్టుకుని,
ఒక చెయ్యి నడుం మీద వేసుకుని
హాలు దాకా నడిచింది.
పేరు పిలిచారు.
గోళ్ళ సందుల్లో మసి అట్లాగే ఉంది,
చప్పట్లు కొడుతూ నేను ఆ మసినే చూస్తున్నాను.
నడుం బిగించడమంటే ఏమిటో
మా నాయనమ్మ వంద సార్లు చెప్పింది,
పిన్నీసుల సంగతి చెప్పలేదు.

రాత్రి పదింటికి, ఇంకా వెలుగు పోని ఆకాశం కింద,
గౌను విప్పి ఒక్కొక్కటే తీశాను.
మడతలు వదిలాయి.
వెడల్పంతా తిరిగొచ్చింది.

పెట్టినవి పదకొండు.
దొరికినవి పది.
దులిపాం, తడిమాం, దీపం కింద పట్టి చూశాం.
చివరికి భయం భయంగా ఫోన్ చేశాను.

అటు చాలాసేపు దగ్గు.
"ఉండనీ జ్దెంకా," అంది,
"వేసుకున్నప్పుడు గుచ్చుకుంటుందిగా,
అప్పుడు తీసుకుంటాలే."