తేమ శాతం

ఎనుమాముల యార్డుల
ఓదెలు మామ బస్తా కుమ్మరిస్తుంటే
ఫోనుల పట్టుకొచ్చిన
పదకొండు సెకన్ల మక్కల చప్పుడు.

రాత్రి కాజీపేట రూముల
దాన్ని నలభై మిల్లీసెకన్ల గింజలు చేసిన.
ఒక్క గింజను పట్టి సాగదీస్తే
వానకు ముందు రేకుల మీద గాలి.
వత్తుగ చల్లితే తేనెటీగలు.
పిచ్ దించితే గూడ్సుబండి,
లేకుంటే కిటికీ అవతల నిజంగనే పోతుందో.

నడుమ ఎక్కడ్నో మామ దగ్గు.
ఎంత తూర్పారబట్టినా పోలేదు.
ఉండనిచ్చిన.

పొద్దుగాల హెడ్‌ఫోన్లు పెట్టుకొని
చానాసేపు విన్నడు.
ఒట్టి అరచేతిని
బొటనవేలుతోని రుద్దిండు.

"పచ్చిగున్నయ్ రా.
ఇంకో రెండెండలు పడాలె."

రివర్బ్ తగ్గించుకుంట వచ్చి
పద్నాలుగు కాడ ఆపిన.