మూగ ఎద

పంచాంగం చైత్రమంటోంది.
టాస్మానియాలో, సిగ్నెట్ ఊరి కొండవాలులో
ఆపిల్ ఆకులు రాలుతున్నాయి.
పొద్దు కురచనయ్యేకొద్దీ
మేకల ఒంట్లో ఏదో పొడుగవుతుంది.

ఐదున్నరకి షెడ్డు తలుపు తీస్తానా,
ముందు చెవులతోనే చూస్తాను.
ఆకలి అరుపయితే దాణా గిన్నె కనపడగానే ఆగుతుంది.
ఇది ఆగదు.
బిస్కెట్ కంచెకి గడ్డం ఆనించి
ఊరందరి మీదా ఫిర్యాదున్నట్టు అరుస్తోంది.
తోక చూడు,
పెళ్ళిపందిట్లో విసనకర్ర, క్షణం నిలవదు.
తోక కింద ఎర్రగా ఉబ్బు, గాజులా సాగే జిగట.
రేపటికి అది చిక్కబడి తెల్లబడుతుంది,
ఆలోపు పోతు దగ్గరికి తోలాలి.
తప్పిందా, మళ్ళీ ఇరవై ఒక్క రోజులు.

మావిస్ దగ్గర ఒక సీసా ఉంది.
ఒకప్పుడు ఆప్రికాట్ జామ్,
ఇప్పుడు పోతు కొమ్ముల వెనక రుద్దిన గుడ్డపీలిక.
మూత తీస్తే నాకు కళ్ళనీళ్ళు,
వాటికి అత్తరు.
ఎద లేనిది ముక్కు తిప్పుకుని మేతకి పోతుంది,
ఉన్నది సీసాలో మూతి దూర్చి ఇక తియ్యదు.
ఆ వాసన నా స్వెటర్‌కి పట్టి
శనివారం కొట్లో నా వెనక వరస
ఓ అడుగు వెనక్కి జరిగింది.

ఎద.
మా భాషలో గుండెకీ ఇదే మాట అని
మావిస్‌కి ఒకసారి చెప్పాను.
ఆవిడ పాలగొట్టం కడుగుతూ
"మరి ఏది చూడాలో డాక్టరుకెలా తెలుస్తుంది?" అంది.

మార్గాట్ సంగతి వేరు.
వేలాడే చెవులు, వంపు ముక్కు,
ముత్తవ్వల్లో ఎవరో మనవైపు నుంచి ఓడెక్కినవాళ్ళేనట.
ఆ జాతి గొంతు రెండు పొలాల అవతలికి వినిపిస్తుంది,
ఇది మాత్రం నోరు విప్పదు.
మార్చి పదిన ఏమీ లేదు.
ముప్పై ఒకటిన ఏమీ లేదు.
సీసా చూపిస్తే నా చొక్కా బొత్తాం కొరికింది.

ఏప్రిల్ ఇరవై ఒకటి.
"పావు లీటరు తగ్గింది," మావిస్ బకెట్టుని వెలుతురుకి ఎత్తింది.
"దాణా సగం వదిలేసింది. కాస్త దాని పక్కన నిలబడు."
నిలబడ్డాను.
వెన్ను మీద చెయ్యి వేసి నడుం దాకా జార్చాను.
తోక కొస,
గడియారంలో సెకన్ల ముల్లంత,
ఓ పక్కకి జరిగింది.

గోడ మీది కేలెండరు ట్రాక్టరు కంపెనీది,
అందులో పేర్లన్నీ నా చేతిరాత.
రోజులు లెక్కపెట్టడం నాకు కొత్త కాదు,
ఏళ్ళకేళ్ళు బీరువా తలుపు లోపల
ఇరవై ఎనిమిదులు గీసుకున్నదాన్ని.
రెండేళ్ళుగా అక్కడ పెన్సిల్ పని లేదు.
ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.
పోయిన జూలైలో ఒక తెల్లవారుజామున
బకెట్లో నీళ్ళు గడ్డకట్టిన చలిలో
నేను చెమటలు కారుతూ స్వెటర్ విప్పేస్తుంటే
మావిస్ ఏమీ అనలేదు.
వెళ్ళి తలుపు బార్లా తెరిచి
మళ్ళీ పాలు పితకడానికి కూర్చుంది.

పోతు పేరు కౌన్సిలర్.
గేటు తీయగానే నాలుక ఆడిస్తూ, నేల తన్నుతూ
ఎన్నికల ముందటి మర్యాదంతా చూపించాడు.
మూడు నిమిషాలయినా పట్టలేదు.
మార్గాట్ వెన్ను విల్లులా వంగి
మెల్లగా సర్దుకుంది,
తర్వాత ఏమీ జరగనట్టు కంచె పక్క ముళ్ళపొద నమిలింది.

మే పన్నెండు గడిలో ప్రశ్నార్థకం పెట్టాను.
తిరగపొర్లకపోతే సెప్టెంబరు పద్దెనిమిదికి ఈనుతుంది,
అది ఇంకా రాయలేదు.
మే పన్నెండున చెవులతో చూడను.
పాలు కొలుస్తాను,
పక్కన నిలబడతాను.