అతిథి ఏడు

పుంటా అరెనస్ గాలికి కిటికీలు నిద్రపోవు.
రేవు పక్క గదిలో నేనూ, ఒక సర్వరూ,
పీతల పడవలవాళ్ళు మాట్లాడుకునే చాటూ.

నియమం రాసింది నేనే:
ముప్పై సెకన్లు గుండెచప్పుడు అందకపోతే
పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోవాలి.
సెషన్ తెగినవాడు ఎవడైనా గడప బయటే.
మళ్ళీ పాస్‌వర్డ్. మళ్ళీ నువ్వెవరు.

రాత్రి రెండుంపావుకి ఎలెవ్తేరియో చుక్క ఆరింది.
మామూలే. కొండ అడ్డొస్తే సిగ్నల్ పోతుంది.
మూడయింది.
నాలుగయింది.
అతని భార్య ఒర్తెన్సియా ఏమీ టైప్ చెయ్యలేదు,
వెళ్ళనూ లేదు.
బూడిదలో నిప్పులా ఆమె చుక్క.

ఐదింటికి ఎవరో తలుపు తట్టారు, ఎలెవ్తేరియో పేరుతో.
తప్పు పాస్‌వర్డ్.
వేళ్ళు కొంకర్లు పోయాయేమో, మళ్ళీ తప్పు.
మూడోదీ తప్పితే గంటసేపు తాళం.
అదీ నా నియమమే.
తియ్యొచ్చు. నా చేతిలో పనే.
తియ్యలేదు. పడవ దొంగలూ ఇలాగే తడతారు.

తాళం పడింది.

కాసేపటికి పక్కదారిన అతిథి ఏడు వచ్చాడు.
ఒకే మాట: "ఓలా".
ఎవరూ పలకలేదు.
అప్పుడు ఒర్తెన్సియా రాసింది: మా ఆయనే.

ఆ పలకరింపులో ముందొక పలకని అక్షరముంది.
పలకనిది రాయడమెందుకంటాడట, పెళ్ళికి ముందునుంచీ.
అది లేకపోతే మా భాషలో
ఆ మాటకర్థం, అల.

లాగ్ తెరిచి చూశాను తెల్లారాక.
ఎలెవ్తేరియో, రెండుంపావు, తెగింది.
దాని కింద ఏమీ లేదు.
నా రికార్డులో ఆ రాత్రి
అతనింకా ఒడ్డుకి రాలేదు.