కొక్కెం

కదిరిలో పొద్దు గుంకే వేళ
ఓబులేసు కంప్రెసర్‌ను నా బండికి తగిలించినారు.
పిన్ను దిగినప్పుడు ఠక్కుమని చిన్న శబ్దం.
అంతే, ఇంక రెండూ ఒకటే బండి,
మైదుకూరు దాకా.

నా బండి సంగతి చెప్పాల.
ముందర పాత డీజిలింజను.
ఎనక ఇరుసుకు, బోల్తా పడిన కరెంటాటో నుంచి
ఊడదీసిన మోటారు.
తొట్టి కింద బ్యాటరీలు.
కంబగిరి ఆర్నెల్లు దానికింద వెల్లకిలా పండుకొని
రెండింటినీ అతికించినాడు.
"దీనికి రెండు కడుపులబ్బా,
ఒకటి నూనె తాగుతాది, ఒకటి కరెంటు"
అంటా చేతులు తుడుచుకున్నాడు.
ఆర్టీవో ఆపితే ఏం చెప్పాలో
వానికీ తెలీదు, నాకూ తెలీదు.

ఓబులేసు మిషను చుట్టూ తిరిగినాడు.
టైర్లు తన్ని చూసినాడు, గొలుసు లాగి చూసినాడు,
ఎనక ఎర్రగుడ్డ కట్టి, విప్పి, మళ్లీ కట్టినాడు.
"నూటా పన్నెండు బోర్లేసినాం దీంతో.
పంతొమ్మిదిట్లో పడినాయి నీళ్లు.
మిగతావాట్లో దుమ్ము.
దుమ్ముకు గూడా అడుగు లెక్కనే
దుడ్లు తీసుకుంటి."
అనేసి తల పక్కకు తిప్పుకున్నాడు.

కొన్నాయనది కాలవ పారే ఊరు.
కాలవుండే చోట బోరుమిషనెందుకో
నేనడగలేదు.
నాది బాడుగ.

బరువంటే ఏందో గాలివీడు ఎత్తుల్లో తెలిసింది.
మీటరు మీద బ్యాటరీ గీతలు
వానలో పెట్టిన ఉప్పు మాదిరి కరిగిపాయ.
ఇంజను ఒక్కటే మూలుగుతా లాగింది.
నలభైలో పోతే బుద్ధిగా వస్తాది,
యాభై దాటితే తోకాడిస్తాది,
అద్దంలో ఎప్పుడు చూసినా అదే మొగం.
గంటకోసారి దిగి టైరు మీద అరచెయ్యి పెడితే
రొట్టె కాల్చే పెనం.

రాయచోటిలో టీ పోసే పిల్లోడు అడిగినాడు,
"ఏముంది నా దాంట్లో?"
"గాలి."
నమ్మలేదు వాడు.
నిజమే చెప్పినా.
రెండు టన్నుల ఇనుము, అది చేసేదంతా
రాతి లోపలికి గాలి కొట్టడమే.

గువ్వలచెరువులో పాలకోవా అంగళ్లు మూస్తాండారు.
ఒక పొట్లం కట్టించుకొని ఘాటు దిగబట్టినా.
ముందు లారీల బ్రేకులు కాలిన వాసన.
మలుపు మలుపుకూ ఆ రెండు టన్నులు
వీపు మీద చెయ్యేసి తోస్తాండాయి, పో, పో అని.
నా కాలు బ్రేకు మీదికి ఉరికింది.
కంబగిరి మాట యాదికొచ్చింది:
"దిగువలో తొక్కొద్దు. కాలు తీసి ఊరికే ఉండు.
అది తొయ్యనీ."

ఊరికే ఉండటం ఎంత కష్టమో
ఆ ఘాట్లో తెలిసింది నాకు.
ఇంజను సద్దు తగ్గింది.
ఇరుసు కాడ సన్నంగా ఒక ఊళ,
కుండలో నీళ్లు నిండేటప్పుడు వచ్చేలాంటిది.
మీటరు మీద ఒక గీత లేచింది.
చూస్తాండగానే ఇంకొకటి.
ఎత్తుల్లో నన్ను తాగినదే
దిగువలో నాకు పోస్తాంది.
అంతా కాదులే.
పదికి మూడు, కంబగిరి లెక్కలో.
ఆ మూడైనా వస్తాయని
నూటా పన్నెండు బోర్ల కాడ ఎవరికీ చెప్పలేదు ఇది.

కడప లైట్లు కనపడినాక ఫోను మోగింది.
"దిగినావా?"
"దిగినా."
ఓబులేసు కొంచేపు మాట్లాడలేదు.
"యాడన్నా గలగలమనిందా?"
"లేదు. కమ్మగా వచ్చింది."
"అది అట్లనే వస్తాది" అని పెట్టేసినాడు.

మైదుకూరులో తెల్లారుజామున పిన్ను తీసినారు.
నా బండి ఎనక పక్క జానెడు పైకి లేచింది.
కొన్నాయన ఎర్రగుడ్డ విప్పి,
దాంతోనే మిషను మీది దుమ్ము తుడవబట్టినాడు.

ఎనక్కి వస్తా
మలుపు కాడల్లా వెడల్పుగా తిప్పినా,
అద్దంలో ఒట్టి రోడ్డు కనపడతానే ఉన్నా.