పదిహేడో దారం

పొద్దున తొమ్మిది దాటకముందే తెంపాలె.
ఎండెక్కితే మొగ్గలోపలి పని
ఆగుతదో, అయిపోతదో
నాకింకా తేలలే.

మడికొండ దాటినంక, రైలు పట్టాల పక్కన,
మొరం మిట్ట మీద ముప్పై తంగేడు పొదలు.
ఒక్కోదానికి ఒక ఎర్ర దారం,
దారానికి అట్టముక్క,
అట్టముక్క మీద నా చేతిరాత.

ల్యాబు అటెండర్ ఓదెలుకు స్కేలు అక్కరలేదు.
రెండు వేళ్ళ నడుమ మొగ్గను దొర్లించి చెప్తడు:
"నువ్వుగింజంతది పసిది మేడం.
జొన్నగింజంతది దాటిపోయింది.
నడుమ ఉన్నదే మనది."
ముప్పై ఏండ్లల్ల ఎన్ని పీహెచ్‌డీలు
ఆ వేళ్ళ సందులకెల్లి నడిచిపోయినయో.

సారా, సిర్కా కలిసిన వాసన సీసల ఒక రాత్రి.
తెల్లారి సూదిమొనతో పొర చీల్చితే
పది కేసరాలు. మూడు పెద్దయి, నాలుగు నడిమియి,
మూడు ఉత్తయి, పేరుకే.
ఒక పుప్పొడి తిత్తి, ఒక ఎర్ర చుక్క,
పైన గాజుబిళ్ళ, దానిపైన నా బొటనవేలు.
ఎంత నొక్కాలెనో ఏ పుస్తకంల ఉండది.

కన్ను ఆనిచ్చిన.
తల్లికణాలు.
పేరు పెట్టినాయన
తల్లి మిగలదని మాత్రం పేరుల చెప్పలే.
పోగులు జంటలు కడ్తయి,
పెనవేసుకొని ఒకదాని ముక్క ఒకటి మార్చుకుంటయి,
అక్కచెల్లెండ్లు పెళ్ళికి పోతూ చీరలు మార్చుకున్నట్టు,
ఆ తర్వాత ఎవరి దిక్కు వాళ్ళు.
లెక్కబెట్టిన. ఏడు.
మళ్ళ లెక్కబెట్టిన. ఎనిమిది.
సార్ వచ్చి చూసి ఏడే అన్నడు.
ఏడని రాసిన, పెన్సిల్‌తోని.

తిత్తి గోడకు ఒక పొర ఉంటది, అన్నం పెట్టే పొర.
పుట్టిన నాలుగూ గట్టిపడేదాంక తినిపించి
తానే కరిగి
వాటి ఒంటి మీది పసుపైతది.

అదే మొగ్గ అడుగున, అండంల, లెక్క వేరే.
అక్కడ గూడ నాలుగే పుడ్తయి.
మూడు ముడుచుకపోతయి. ఒక్కటి బతుకుతది.
ఎందుకట్ల, అని ఊకెనే పైకి అన్న.
బీకరు కడుగుతున్న ఓదెలు ఆగి
"మా అవ్వ కాన్పులు గూడ గట్లనే" అన్నడు.
నల్లా మళ్ళ తిప్పిండు.

పెత్రమాస నాడు పోయేసరికి
మిట్ట మీద పొదలన్ని బోడి.

పొద్దుగూకినంక మా గల్లీల
కనకలచ్చక్క తాంబాళం. కింది నుంచి మూడో వరుస.
ఎర్ర దారం. అట్టముక్క. పదిహేడు.
చేయి చాపితే అందేంత దూరం.
గునుగు కొనలకు రంగు అద్ది
ఆమె వేళ్ళు ఎర్రగున్నయి.
నావి గూడ, ఇంకో రంగుతోని.
ముడి కింద రెండు మొగ్గలున్నయి,
నువ్వుకు జొన్నకు నడుమ.
లోపల ఏడో ఎనిమిదో జంటలు
ఇంకా విడిపోతనే ఉన్నయేమో.
నేను చప్పట్లల్ల ఒక దెబ్బ తప్పిన.
పక్కామె నా మోచెయ్యి పట్టి వరుసల కలిపింది.

తెల్లారి రిజిస్టర్ తెరిచి
పదిహేడు ఎదురుంగ "నమూనా లేదు" అని రాసిన.
కారణం గడి ఖాళీగ విడిచిపెట్టిన.

మధ్యాహ్నం చూస్తే, అండ్ల
ఓదెలు గుండ్రటి రాత:
పండుగకు పోయింది.