పాత బస్సు వాటం

ఆ సోమవారం
సమోవా దీవుల్లో రోడ్డు తన పక్క మార్చుకుంది.
నిన్నటిదాకా కుడి, ఇవాళ్టి నుంచి ఎడమ.
రెండ్రోజులు సెలవిచ్చారు, చేతులకి అలవాటవ్వాలని.

మలాకి మామ బస్సుకి తలుపు కుడివైపు.
ఇక అది నడిరోడ్డు మీదికి తెరుచుకుంటుంది.
ఎడమ చెక్క కోయించి ఇంకో తలుపు పెట్టించే డబ్బు లేక
సీమపనస కింద నిలబెట్టేశాడు.
క్లచ్ పక్కన కోళ్లు గుడ్లు పెట్టాయి.

జపాను నుంచి దిగిన పాత వ్యానొకటి కొన్నాడు.
మలుపు లైటు వేద్దామని మీట నొక్కితే
మండుటెండలో వైపర్లు ఊగేవి.
ఒకళ్ల ఒళ్లో ఒకళ్లం కూచుని పడీపడీ నవ్వేవాళ్లం.
"ఎడమ, ఎడమ" అని గొణుక్కునేవాడు జపంలా.
కొన్నాళ్లకి మేం నవ్వడం మానేశాం. ఆయన గొణగడం మానేశాడు.

మూడేళ్లు. వ్యాను మీద ఒక్క గీత పడలేదు.
పలక మీద తడిగుడ్డ పెట్టినట్టు
కుడి చెరిగిపోయిందనుకున్నాం.
తెలేసియా అత్త పోయిందీ ఆ మూడేళ్లలోనే.
వెనక సీటు వైపు చూడకపోవడం కూడా
అప్పుడే నేర్చుకున్నాడు.

డిసెంబరు తుఫానుకి కొబ్బరిచెట్టు పడి వ్యాను నుజ్జయింది.
ఊళ్లో నీళ్లు లేవు.
కోళ్లని తరిమి, పాత బస్సులో డ్రమ్ములెక్కించాం.
అదే ఎడమ సీటు. డీజిలు, మురిగిన ఎండుకొబ్బరి వాసన.
అరిగిన గేరు గుండు.

బడి మలుపులో ఎదురుగా లారీ.
హారను, మట్టి, చేమదుంపల మడిలో మా ముందు చక్రం.
ఎవరికీ ఏం కాలేదు.
బస్సు కుడివైపున నడుస్తోందని
అప్పటిదాకా మాలో ఒక్కరికీ తోచలేదు.

పలక కాదు.
చాప మీద చాప.
పైన పరిచిన కొత్తది
నలిగిన వ్యానులోనే ఉండిపోయింది.

లారీవాడు తిడుతున్నాడు.
మామ వినడంలేదు.
కుడి భుజం కొంచెం వెనక్కి వాల్చి
అలాగే ఉన్నాడు.
ఈ మలుపులో పిల్లలుంటారని
అత్త వెనక నుంచి రెండుసార్లు తట్టేది.

ఆ సీట్లో ఇవాళ నేనున్నాను.
డ్రమ్ములోంచి నీళ్లు కారి నా కాళ్లు తడుస్తున్నాయి.
చెయ్యెత్తాను,
తట్టాలో వద్దో తెలియక
అక్కడే ఆపాను.